మడిచిన పైపు

డ్రైవరు తిప్పేస్వామి చనిపోయిన సంగతి తెలిసేసరికి ఆదెప్ప ఒక కారు కింద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ఇంజన్ అడుగున ఆయిలు నట్టు చుట్టూ గట్టిపడిన ఎర్రమట్టిని స్క్రూడ్రైవరుతో గీకుతున్నాడు. ముందు తోలు చెప్పులు కనిపించాయి, తర్వాత తెల్లపంచె అంచు. ఆ చెప్పులు వెంకటరాముడివి. అనంతపురం రైల్వే స్టేషన్ ముందర బాడుగకు తిప్పే నాలుగు పాత అంబాసిడర్లకు అతను యజమాని. పదకొండేళ్లుగా ఆ నాలుగింటినీ రోడ్డు మీద నిలబెడుతున్నవి ఆదెప్ప చేతులే.

"బయటికి రాప్పా ఆదెప్పా."

ఆదెప్ప వీపుతో పాకుతూ బయటికి వచ్చాడు. వెంకటరాముడు గడ్డం గీసుకోలేదు. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"నిన్న సాయంత్రం తెల్లబండి పడిపాయ. నల్లమాడ తట్టు కొండ కనమ దిగేతావ. రోడ్డు కింది మోరీ గోడకు కొట్టినాడు. తిప్పేస్వామి ఆడనే పోయినాడు."

ఆదెప్ప చేతిలోని స్క్రూడ్రైవరును గుడ్డతో తుడిచాడు. తుడిచిందే మళ్లీ తుడిచాడు.

"బండ్లో ఎవురుండ్రి?"

"తిప్పేస్వామి ఊరోళ్లే. తిమ్మప్ప, ఆయప్ప పెండ్లాం సుబ్బలక్ష్మమ్మ. ఆయమ్మకు ఈడ కంటి ఆపరేషనైతే ఇంటికి తోలకపోతాండె. తిమ్మప్పకు కాలిరిగింది. ఆయమ్మకేం కాలే."

"ఎట్ల పడింది?"

"నిద్రపోయినాడంటప్పా. తిమ్మప్పే చూసినాడంట ఎనక సీట్లోంచి. తల ముందరికి వాలిపోయిందంట."

"ఎన్ని గంటలకు?"

"నాలుగైంటాది."

"నాలుగ్గంటలకు నిద్రేందన్నా," అన్నాడు ఆదెప్ప.

వెంకటరాముడు షెడ్డు లోపలికి నాలుగడుగులు వేసి, టైర్ల దొంతి వెనక నిలబడి, అతన్ని దగ్గరికి రమ్మని చెయ్యి ఊపాడు.

"సోమవారం నువ్వు మడిసిన పైపు సంగతి మన ముగ్గురికే తెలుసు. ఒకడు పోయినాడు."

సోమవారం ఆ తెల్లబండి వెనక ఎడమ చక్రంలోంచి బ్రేకాయిలు కారుతూ షెడ్డుకు వచ్చింది. లోపలి సిలిండరు అరిగిపోయింది. ఊళ్లో అంబాసిడర్లు తగ్గిపోయాక ఆ సామాను పెట్టే అంగడి లేదు. బెంగళూరు నుంచి రావాలి. నాలుగు రోజులు బండి నిలబెట్టమని ఆదెప్ప అంటే వెంకటరాముడు ఒప్పుకోలేదు. అప్పుడు ఆదెప్ప ఆ చక్రానికి పోయే సన్నపైపును కోసి, కొసను రెండు మడతలు మడిచి, సుత్తితో సాపుచేసి, టంకం పోశాడు. ఆయిలు ఆ చక్రానికి పోదు, కారదు. తక్కిన మూడు చక్రాలకే బ్రేకు పడుతుంది. దిక్కులేనప్పుడు అందరు మెకానిక్కులూ చేసే పనే. తాళాలు ఇస్తూ తిప్పేస్వామితో చెప్పాడు కూడా, "ఊర్లోనే తిప్పు సామీ, కనమల తట్టు పోగాకు" అని. తిప్పేస్వామి నవ్వాడు. "నేను యాడికి పోవల్లనో నేను జెప్తానా అన్నా? నువ్వైనా జెప్పు ఆయప్పకు." ఆదెప్ప చెప్పలేదు.

"వచ్చే సోమవారం బ్రేకు ఇన్‌స్పెక్టరు వస్తాడు బండి చూసేకి," అన్నాడు వెంకటరాముడు. "బండి నల్లమాడ స్టేషన్‌లో పెట్టినారు. రేపు నువ్వు పోయి ఆ చక్రం సరిజేసి రా. స్టేషన్‌లో నేను మాట్లాడినా. బ్యాటరీ ఇప్పుకునేకి వచ్చినానని చెప్పు."

ఆదెప్ప స్క్రూడ్రైవరును జేబులో పెట్టుకున్నాడు.

"నాకోసరం కాదప్పా. మడిసిన చెయ్యి నాది కాదు గదా."

వెంకటరాముడు వెళ్లిపోయాక ఆదెప్ప మళ్లీ కారు కిందికి దూరాడు. మట్టి గీకడం పూర్తిచేశాడు. నట్టు విప్పాడు. నల్లటి ఆయిలు డబ్బాలోకి సన్నటి తీగలా దిగుతుంటే, అది ఆగిపోయి చుక్కలయ్యేదాకా అట్లాగే చూస్తూ పడుకున్నాడు.

* * *

నాలుగు రోజులు రాని సామాను ఆ రాత్రి బస్సుకే బెంగళూరు నుంచి దిగింది.

శనివారం పొద్దున ఆదెప్ప పానాల సంచి, కొత్త సిలిండరు, కొత్త పైపు, ఒక బ్రేకాయిలు డబ్బా పట్టుకుని కదిరి బస్సెక్కాడు. కదిరిలో బస్సు మారి నల్లమాడలో దిగేసరికి ఎండ నెత్తికెక్కింది. దారి పొడుగునా చేలల్లో సెనక్కాయ చెట్లు మోకాలి కిందనే మాడిపోయి ఉన్నాయి.

స్టేషన్ ఆవరణలో, పట్టుకొచ్చిన ఇసుక ట్రాక్టరు పక్కన తెల్లబండి ఉంది. యేసన్న అనే కానిస్టేబులు బల్ల మీద కూర్చుని పల్లీలు వలుచుకుంటున్నాడు.

"వెంకటరాముడు మనిషివేనా? కానీ, బిరీన కానీ."

ఆదెప్ప ముందు బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. కుడివైపు ముందుభాగం నలిగి లోపలికి పోయింది. స్టీరింగు సీటు దాకా వచ్చేసింది. సీటు మీద గోనెసంచి కప్పారు. దాన్ని అతను ఎత్తలేదు. మీటరు పగల్లేదు. ఐదంకెల మీటరు అది, మూడుసార్లు సున్నాకు తిరిగి మళ్లీ మొదలైన సంగతి తనకూ తిప్పేస్వామికీ తప్ప ఎవరికీ తెలియదు.

జాకీ పెట్టి వెనక ఎడమ చక్రం ఎత్తి కిందికి దూరాడు. పైపు కొసను వేళ్లతో తడిమాడు. చూడకముందే తెలిసింది. రెండు మడతల్లో ఒకటి విచ్చుకుని ఉంది. టంకం చీలింది. అక్కడి నుంచి ఇరుసు వెంట ఆయిలు కారిన చార, దాని మీద అంటుకున్న ఎర్రదుమ్ము. నాలుగు చక్రాలకూ పోయేది ఒకటే ఆయిలు. ఒక్క తావున దారి దొరికితే అంతా అక్కడి నుంచే పోతుంది. కనమ దిగుడంతా తిప్పేస్వామి కాలు బ్రేకు మీదనే ఉండి ఉంటుంది. ఏదో ఒక మలుపులో ఆ కాలు కింద ఏమీ లేకుండా పోయింది.

ఆదెప్ప అట్లాగే కింద పడుకుని కొంతసేపు కళ్లు మూసుకున్నాడు. తర్వాత కళ్లు తెరిచి, ముందరున్న గేరుపెట్టె వైపు చూశాడు. గేరు కడ్డీలు ఏ వరసలో నిలిచాయో కింద నుంచి చూస్తే అతనికి తెలుస్తుంది. బండి రెండో గేరులో ఉంది.

ఆ కనమ ఎవరైనా మూడో గేరులో దిగుతారు. నిద్రపోయేవాడు రెండో గేరు ఎందుకు వేస్తాడు?

పాక్కుంటూ బయటికి వచ్చి, తలుపు సందులోంచి డ్యాష్‌బోర్డు కిందికి చెయ్యి పెట్టాడు. ఈ బండికి చేతిబ్రేకు అక్కడే ఉంటుంది. ముందుకు వంగి, కిందికి చెయ్యి చాచి, తనవైపు లాగాలి. లాగేకొద్దీ లోపలి కడ్డీకున్న పళ్లు ఒకటి తర్వాత ఒకటి పట్టుకుంటాయి. మామూలుగా మూడో పంటికే బండి నిలబడుతుంది. ఇప్పుడు అది చిట్టచివరి పంటి దగ్గర ఉంది. అంతదూరం లాగిన చేతిబ్రేకును ఆదెప్ప ఇన్నేళ్లలో చూడలేదు.

వెనక సీట్లో కూర్చున్న తిమ్మప్ప చూసింది ఇదే. తల వాలడం కాదు, తిప్పేస్వామి దీనికోసం వంగడం.

ఆదెప్ప లేచి ఎడమవైపు తలుపులు చూశాడు. ముందు నుంచి వెనకదాకా రేకు గీరుకుపోయింది. గీతల్లో కొండరాయి పొడి ఇంకా ఉంది. ఆ కనమ దిగేటప్పుడు కొండ ఎడమపక్క, లోయ కుడిపక్క. బండిని కొండకు ఒరిపించి ఒరిపించి ఆపాలని చూశాడు. ఏదో రాయి తగిలి బండి కుడికి తిరిగి మోరీ గోడకు కొట్టుకుంది. ఆ గోడ తిప్పేస్వామి కూర్చున్నవైపు వచ్చింది.

"ఏమప్పా, అయిందా?" అని కేకేశాడు యేసన్న.

"ఈ బండి లోపల ఎవురన్నా చూసినారా సార్?"

"లోపలేముండాది? పడిన తీరు రాసుకున్న్యారు, అంతే. చూసేటోడు సోమవారం వస్తాడు గదా."

ఆదెప్ప సంచి విప్పాడు. పని మొదలుపెట్టాక చేతులు వాటంతట అవే కదిలాయి. డ్రమ్ము ఊడదీసి, పాత సిలిండరు తీసి కొత్తది బిగించాడు. మడిచిన పైపు విప్పి జేబులో వేసుకుని, కొత్త పైపు కలిపాడు. బ్రేకాయిలు పోశాడు. లైన్లోని గాలి తీయడానికి లోపల పెడలు తొక్కే మనిషి కావాలి. యేసన్న విసుక్కుంటూ వచ్చి, గోనెసంచిని పక్కకు జరిపి, స్టీరింగు కింద ఎట్లాగో కాలు దూర్చాడు.

"తొక్కండి సార్... పట్టుకోండి... ఇడవండి. మళ్లీ తొక్కండి."

బుడగలు బుడగలుగా వచ్చిన ఆయిలు కాసేపటికి తేటగా వచ్చింది. ఆదెప్ప నట్టు బిగించాడు. మిగిలిన చక్రాల దగ్గరా అట్లాగే చేశాడు.

"గట్టిగయిందప్పా," అన్నాడు యేసన్న పెడలు తొక్కి చూస్తూ. "రాయి మాదిరుండాది."

అతను వెళ్లి బల్ల మీద కూర్చున్నాక ఆదెప్ప డ్యాష్‌బోర్డు కిందికి మళ్లీ చెయ్యి పెట్టాడు. చేతిబ్రేకు పిడిని మెలితిప్పి వదలాలి. అది రాలేదు. రెండు చేతులూ పెట్టి, తలుపుకు మోకాలు ఆనించి, బలంకొద్దీ తిప్పాడు. ఒక్కసారిగా టకటకమని పళ్లన్నీ వదిలేసి పిడి లోపలికి పోయింది. తర్వాత స్టీరింగు కిందున్న గేరు కడ్డీని న్యూట్రల్‌కు తెచ్చాడు.

బస్సులో కూర్చున్నాక చూసుకున్నాడు, చేతులకు ఆయిలు, ఎర్రదుమ్ము ఇంకా అంటి ఉన్నాయి. పక్కన కూర్చున్నామె చూస్తోందని వాటిని తొడల కింద పెట్టుకున్నాడు.

* * *

ఆదివారం షెడ్డు మూసే ఉంటుంది. అయినా ఆదెప్ప వచ్చి, తలుపు సగం తెరిచి, ఏ పనీ లేకుండా కార్బొరేటరు ఒకటి ఊడదీసి పెట్రోలులో కడుగుతున్నాడు. పదిగంటలప్పుడు గుమ్మం ముందు ఒకామె వచ్చి నిలబడింది. ముప్పై ఐదేళ్లుంటాయి. చేతుల నిండా గాజులున్నాయి ఇంకా. ఆమె తిప్పేస్వామి భార్య ఇంద్రాణి. ఒకటి రెండుసార్లు పండక్కి బండిలో వచ్చి ఈ షెడ్డు ముందే కూర్చుని మొగుడి కోసం చూసింది.

ఆదెప్ప లేచి నిలబడ్డాడు. స్టూలు తుడిచి ఇటు జరిపాడు. ఆమె కూర్చోలేదు.

"ఈ మైల దినాల్లో ఇల్లిడిసి బయటికి రాగూడదన్న్యారు. ఎవురికీ చెప్పకుండా మొదటి బస్సుకొచ్చినా. ఒక మాటడగల్ల అన్నా."

"అడుగమ్మా."

"తిమ్మప్ప మామోళ్లింటికి పోతే ఆయమ్మ తలుపేసింది. నీ మొగుడు నిద్రపోయి మా ముసిలోని కాలిరగ్గొట్టె అన్యాది. ఊరంతా అదే అంటాండారు. కొళాయి కాడా అదే, అంగడి కాడా అదే." ఆమె ఏడవడం లేదు. దారి పొడుగునా అనుకుంటూ వచ్చిన మాటలను వరసగా పెడుతున్నట్టు చెప్తోంది. "ఇరవై ఏండ్లు తోలినాడు. నిద్రొస్తే బండి పక్కకు పెట్టేసేటోడు. ఒకసారి బండ్లో పెండ్లికొడుకుని పెట్టుకోని చింతచెట్టు కింద నిద్రపోయినాడు, ముహూర్తం దాటిపోతాదని వాళ్లు అరస్తాంటే. నీకూ తెలుసు గదా."

"తెలుసు."

"ఆయన్ని కడిగేటప్పుడు చూసినా అన్నా. కుడిచెయ్యి నాలుగేళ్లకూ లోపలపక్క తోలు లేసిపోయినాది. ఇంత పొడుగు." తన వేళ్లు మడిచి, మడత మీద గోటితో గీసి చూపించింది. "గోడకు కొట్టుకుంటే తలకు తగలాల, రొమ్ముకు తగలాల. అరచేతికి ఏంటికి తగులుతాది? నిద్రపోయేటోడు దేన్ని పట్టుకుంటాడు?"

ఆదెప్ప కార్బొరేటరును గుడ్డ మీద పెట్టాడు. చేతులనుంచి పెట్రోలు కారుతోంది.

"చేతిబ్రేకు," అన్నాడు. "చేతిబ్రేకు గుంజినాడమ్మా. ఆఖరిదాకా గుంజినాడు."

ఆమె అప్పుడు స్టూలు మీద కూర్చుంది.

అతను చెప్పాడు. రెండో గేరు సంగతి, కొండరాయి గీతల సంగతి, తల వాలినట్టు తిమ్మప్పకు ఎందుకు అగపడిందో ఆ సంగతి. తను అదే సీట్లో ఉన్నట్టు ముందుకు వంగి చెయ్యి చాచి చూపించాడు. ఆమె కళ్లు అతని చేతి మీదనే ఉన్నాయి. చెప్తుంటే ఆమె మొహం కొంచెం కొంచెంగా తెరిపినపడుతోంది. అక్కడితో ఆపేయొచ్చని ఆదెప్పకు అనిపించింది. అంతవరకు చెప్తే చాలని, ఆమె దండం పెట్టి వెళ్లిపోతుందని అనిపించింది.

"మరి కాలిబ్రేకు ఏమాయె?" అంది ఆమె.

ఆదెప్ప జేబులోంచి పైపు తీసి ఆమె ముందర పెట్టాడు. వేలెడంత పొడుగు. కొస మడత విచ్చుకుని ఉంది.

"ఇది నేను మడిసింది. ఈ మడత ఊడకుంటే బ్రేకుండేది. ఊర్లోనే తిప్పమని ఆయప్పతో చెప్పినా. బండి పెట్టేయమని ఓనరుతో గట్టిగా చెప్పల్సింది. చెప్పలే."

రోడ్డు మీద ఆటో ఒకటి పోయింది. ఇంద్రాణి ఆ పైపును ముట్టుకోలేదు.

"రేపు ఇన్‌స్పెక్టరొస్తాడంట గదా. ఆయప్ప చూస్తే తెలుస్తాదా? ఆ చేతిబ్రేకు అట్లనే ఉండాది గదా?"

"లేదు."

"ఏమాయె?"

"నిన్న నేనే దించేసినా."

ఆమెకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. తర్వాత లేచింది. కొంగు భుజం చుట్టూ కప్పుకుంది. గుమ్మం దాకా పోయి, వెనక్కి తిరక్కుండానే అడిగింది.

"రేపొస్తావా ఆడికి?"

జవాబు కోసం ఆమె ఆగలేదు.

* * *

సోమవారం కదిరి బస్సు టైరు పంక్చరై గంట ఆలస్యమైంది. ఆదెప్ప స్టేషన్‌కు చేరేసరికి ఇన్‌స్పెక్టరు పని దాదాపు ముగిసింది. నడివయసు మనిషి, చొక్కా జేబులో నల్లద్దాలు. పెడలు తొక్కి చూసి, అట్టకు క్లిప్పు పెట్టిన కాగితం మీద రాస్తున్నాడు. పక్కన వెంకటరాముడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. దూరంగా ప్రహరీ నీడలో ఇంద్రాణి ఒంటరిగా కూర్చుని ఉంది.

"బ్రేకులు బాగున్నాయి," అంటున్నాడు ఇన్‌స్పెక్టరు. "ఇంత పాతబండికి ఇంత గట్టి పెడలు చూడలేదు. ఎవరు చేస్తారు పని?"

"నేనే సార్," అన్నాడు ఆదెప్ప.

వెంకటరాముడు గిరుక్కున తిరిగాడు. "నిన్నెవరు రమ్మన్యారప్పా ఈడికి?"

"ఆ బ్రేకులు నేను శనివారం చేసినా సార్. బండి పడినాక." ఆదెప్ప పైపు తీసి బానెట్ మీద పెట్టాడు. "పడిన దినం ఆ చక్రానికి ఉండింది ఇది."

ఇన్‌స్పెక్టరు పైపును చూశాడు, మనిషిని చూశాడు, వెంకటరాముణ్ణి చూశాడు. కాగితాన్ని అట్ట మీద బోర్లా తిప్పాడు.

"తెలిసే మాట్లాడుతున్నావా? ఇది రాస్తే నీ మీద కేసు. మనిషి పోయిన కేసు."

"తెలుసు సార్."

"సాక్ష్యం మార్చింది ఇంకొక కేసు."

"అది గూడా రాసుకోండి." రెండో గేరు, చివరి పంటిదాకా లాగిన చేతిబ్రేకు, ఎడమ తలుపుల మీది కొండరాయి గీతలు, తను దించేసిన సంగతి, అన్నీ వరసగా చెప్పాడు.

ఇన్‌స్పెక్టరు నిట్టూర్చాడు. "నేను చూసింది రాయాలి కదయ్యా. నేను చూసింది గట్టి పెడలు. నువ్వు చెప్పినావని చేతిబ్రేకు లాగినాడని ఎట్లా రాసేది?"

"డ్రమ్ములు ఇప్పుతాను సార్. మీరే చూడండి. లోపల చక్రాన్ని పట్టే లైనింగును నేను ముట్టలే."

వెనక కుడి చక్రం ఊడదీశాడు. డ్రమ్ము లోపలంతా కాలి నీలిరంగు తిరిగింది. లైనింగు బొగ్గయి, గోరు పెడితే పొడిపొడిగా రాలింది. కాలిబ్రేకుతో ఇంత కాలితే ముందు చక్రాలు కూడా కాలాలి. ముందువి విప్పితే అవి మామూలుగా వేడెక్కినట్టే ఉన్నాయి. వెనక ఎడమది విప్పాడు. ఆయిలు తాగిన లైనింగు నల్లగా నున్నగా, కాలిన గుర్తే లేకుండా ఉంది. దాని నడుమ సిలిండరొక్కటే కొత్తది, మెరుస్తోంది.

ఇన్‌స్పెక్టరు మోకాళ్ల మీద కూర్చుని నాలుగింటినీ మార్చి మార్చి చూశాడు. నీలం తిరిగిన డ్రమ్ము మీద వేలు పెట్టాడు.

"చేతిబ్రేకుతోనే ఇంత కాలింది," అన్నాడు తనలో తాను. "ఈ ఒక్క చక్రమే పట్టింది. అబ్బా. ఎంతదూరం లాక్కొచ్చినాడో."

లేచి వెంకటరాముడి వైపు తిరిగాడు. "నీకు తెలుసా పైపు మూసిన సంగతి?"

"నాకు బండ్ల సంగతి ఏం తెలుసు సార్? రిపేరుకిస్తాం, చేసిచ్చినాడనుకుంటాం. కనమకు పోగాకని నాకెవురూ చెప్పలే."

ఇన్‌స్పెక్టరు ఆదెప్ప వైపు చూశాడు. ఆ చివరి మాట నిజమే. ఆదెప్ప తల దించుకున్నాడు.

పాత కాగితం చించేసి కొత్తది పెట్టుకుని ఇన్‌స్పెక్టరు నిలబడే రాశాడు. ఆదెప్పతో సంతకం పెట్టించాడు. యేసన్న అతన్ని తీసుకెళ్లి వరండాలో బల్ల మీద కూర్చోబెట్టాడు, ఎస్సై వచ్చేదాకా ఎక్కడికీ కదలొద్దన్నాడు. వెంకటరాముడు గేటు దగ్గర ఆగి, "మిగిలిన మూడు బండ్ల తాళాలూ రేపు మనిషినంపుతా, ఇచ్చేయ్," అని వెళ్లిపోయాడు.

ఇన్‌స్పెక్టరు జీపెక్కబోతుంటే ఇంద్రాణి లేచి అడ్డం వచ్చింది.

"సామీ, ఏమి రాసినారో నాకు చదవండి."

"ఎవరమ్మా నువ్వు?"

"డ్రైవరు పెండ్లాన్ని."

ఆయన ఒక కాలు జీపులో పెట్టి, ఒక కాలు కింద ఉంచి, కాగితం తీసి చదివాడు.

"డ్రైవరు తిప్పేస్వామి మేలుకొని ఉండి, బ్రేకులు పోయిన తర్వాత రెండో గేరు వేసి, చేతిబ్రేకు లాగి, బండిని కొండవైపు ఒరిపించి ఆపుటకు ప్రయత్నించినాడు. బ్రేకులు పోవుటకు కారణము మెకానిక్కు ఆదెప్ప వెనక ఎడమ చక్రం పైపు మడిచి మూసియుండుట."

"ఇంకోసారి చదవండి. నాకు చదువు రాదు."

ఆయన మళ్లీ చదివాడు. మూడోసారి ఆమె ఆయనతోపాటే పెదవులు కదిపింది. "మేలుకొని ఉండి" దగ్గర ఆపి, మొదటి నుంచి చదవమంది. అది కూడా చదివి ఆయన వెళ్లిపోయాడు.

ఆమె వరండా ముందు నుంచే గేటువైపు నడిచింది. ఆదెప్ప బల్ల మీంచి లేచాడు. ఆమె అతనివైపు చూడలేదు. మాట మరిచిపోతానేమో అన్న భయంతో, పిల్లలు పాఠం ఒప్పజెప్పినట్టు, గొంతులోనే చదువుకుంటూ పోతోంది. "డ్రైవరు తిప్పేస్వామి మేలుకోని ఉండి... రెండో గేరు ఏసి... చేతిబ్రేకు లాగి..." గేటు దాటేటప్పటికి వాక్యం చివరికి వచ్చింది. "మెకానిక్కు ఆదెప్ప పైపు మడిసి..."

తన పేరు ఆమె నోట అట్లా విన్నాడు. రోడ్డు దాటి, వాళ్ల ఊరికి పోయే బస్సు ఆగేచోట ఆమె నిలబడింది. తిమ్మప్ప ఇంటికి పోతుంది మొదట. తర్వాత కొళాయి దగ్గరికి, అంగడి దగ్గరికి. ప్రతిచోటా ఆ వాక్యం మొదటి నుంచి చివరిదాకా, ఒక్క మాట పోకుండా చెప్తుంది.

"కూచో," అన్నాడు యేసన్న.

ఆదెప్ప కూర్చున్నాడు. బస్సు వచ్చి ఆమెను ఎక్కించుకుని, దుమ్ము లేపుకుంటూ పోయింది.